విదేశీ ఆసుపత్రుల్లో ఉద్యోగం, వర్క్ వీసా: కడప, కర్నూలు, అనంతపురం నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నర్సింగ్ కళాశాలల్లో చదివేవారిలో చాలామంది చివరి సంవత్సరానికి రాగానే విదేశీ ఉద్యోగాల గురించి ఆరా తీయడం మొదలుపెడతారు. ముఖ్యంగా కడప వైపు ఇంట్లో ఒక మేనమామో, ఒక పెద్దమ్మో కువైట్ వెళ్లొచ్చి ఉంటారు కనుక, వీసా అంటే ఏజెంటుకు డబ్బు కట్టి తెచ్చుకునేదన్న అభిప్రాయం ఆ ఇంట్లో ముందే నాటుకుని ఉంటుంది. నర్సు ఉద్యోగానికి ఆ పద్ధతి పనికిరాదు. నర్సుకు ముందుగా ఆ దేశపు నర్సింగ్ రిజిస్ట్రేషన్ గానీ, దానికి తగిన అర్హత గానీ ఉండాలి. తర్వాత ఆసుపత్రి నియామక పత్రం, అన్నిటికంటే చివర వీసా వస్తాయి. ఈ వరుసను తారుమారు చేసినవారే ఎక్కువగా నష్టపోతున్నారు కాబట్టి, కింది జవాబులన్నీ ఈ వరుసను దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఫీజులు, తేదీలు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోవాలి.

వీసాకు దరఖాస్తు చేయాల్సింది నేనా, ఆసుపత్రా?

ఆస్ట్రేలియా పాయింట్ల వీసాల వంటి కొన్నిటిని మినహాయిస్తే, మొదటి అడుగు ఆసుపత్రిదే. అమెరికాలో ఆసుపత్రి మీ పేరున ఐ-140 అనే వలస వీసా పిటిషన్ వేస్తుంది. బ్రిటన్‌లో హోం శాఖ నుంచి స్పాన్సర్ లైసెన్సు పొందిన సంస్థ మీకు సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ కేటాయిస్తుంది. గల్ఫ్ దేశాల్లో వర్క్ పర్మిట్ యాజమాన్యం ద్వారానే వస్తుంది. ఇవి వచ్చిన తర్వాతే మీ వంతు దరఖాస్తు మొదలవుతుంది. కాబట్టి ఆసుపత్రి పేరు చెప్పకుండా, నియామక పత్రం చూపకుండా, "వీసా రెడీగా ఉంది, ముందు అడ్వాన్సు కట్టండి" అనే మనిషి దగ్గర మీకివ్వడానికి ఏమీ లేదని అర్థం చేసుకోవాలి.

ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్: ఎవరికి ఏ దారి ఉంది?

ఏఎన్‌ఎం (సహాయక నర్సు, మంత్రసాని కోర్సు) చదువుతో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావడం సాధ్యపడదు. ఎవరైనా సాధ్యమేనని చెబితే, సహాయకురాలి ఉద్యోగాన్నో ఇంటిపనినో నర్సు ఉద్యోగమని చెప్పి అంటగడుతున్నారేమో చూసుకోవాలి. మూడేళ్ల జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవారికి గల్ఫ్, బ్రిటన్, జర్మనీ దారులు తెరిచే ఉంటాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు కూడా జీఎన్‌ఎంను పరిశీలిస్తాయి. అయితే పెద్దల వైద్యం, శస్త్రచికిత్స, ప్రసూతి, పిల్లల వైద్యం, మానసిక ఆరోగ్యం అనే విభాగాలన్నిటిలోనూ థియరీతోపాటు వార్డు డ్యూటీ గంటలు ట్రాన్‌స్క్రిప్టులో (కళాశాల ఇచ్చే చదువు వివరాల పత్రంలో) విడివిడిగా కనిపించాలి. సౌదీలో డిప్లొమా ఉన్నవారిని టెక్నీషియన్‌గానూ, బీఎస్సీ ఉన్నవారిని స్పెషలిస్టుగానూ వర్గీకరిస్తారు. జీతంలో తేడా అక్కడినుంచే మొదలవుతుంది. ఆస్ట్రేలియా లాంటి దేశాలపై ఆశ ఉన్న జీఎన్‌ఎం నర్సులు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేయడం తెలివైన పని. ఏజెంట్లకు పోసే డబ్బులో కొంత భాగంతోనే ఆ చదువు పూర్తవుతుంది.

అమెరికా ఆసుపత్రులు విదేశీ నర్సులను ఏ వీసా మీద తీసుకుంటాయి?

ప్రధానమైన దారి ఈబీ-3 వలస వీసా, అంటే గ్రీన్ కార్డుతోనే వెళ్లడం. అమెరికా కార్మిక శాఖ రిజిస్టర్డ్ నర్సులను, ఫిజియోథెరపిస్టులను కొరత ఉన్న వృత్తులుగా గుర్తించి "షెడ్యూల్ ఎ" అనే జాబితాలో చేర్చింది. దీనివల్ల ఆసుపత్రి ముందుగా ప్రకటనలిచ్చి, అమెరికన్ అభ్యర్థులెవరూ దొరకలేదని నిరూపించాల్సిన పని ఉండదు. ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి చెల్లించవలసిన వేతనాన్ని కార్మిక శాఖతో నిర్ధారింపజేసుకుని, పనిచేసే చోట పది పనిదినాలపాటు నోటీసు అంటించి, నేరుగా ఐ-140 దాఖలు చేయవచ్చు. నర్సు వైపు నుంచి అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌లో ఉత్తీర్ణత గానీ, విదేశీ నర్సుల అర్హతలను పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ సంస్థ సర్టిఫికెట్ గానీ, పనిచేయబోయే రాష్ట్రంలో పూర్తి లైసెన్సు గానీ ఉండాలి. వీసా ఇచ్చే ముందు మీ చదువు, లైసెన్సు, ఇంగ్లీషు సరిపోతాయని తెలిపే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ తప్పనిసరి. 1996 నాటి వలస చట్టం నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. దాన్ని జారీచేసే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ 2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది కాబట్టి, కొత్త పేరుతో ఉత్తరం వస్తే కంగారు పడనవసరం లేదు.

ఏజెంట్ల కరపత్రాల్లో కనిపించని విషయం ఇక్కడే ఉంది. షెడ్యూల్ ఎ మినహాయింపు కార్మిక శాఖ దశకే పరిమితం. వీసాల కోటాకు అది వర్తించదు. ఉద్యోగ ఆధారిత వలస వీసాలు ఏడాదికి సుమారు 1,40,000 మాత్రమే. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా దాదాపు 7 శాతానికి మించి రావు. నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అకౌంటెంట్లు అందరూ ఇదే వరుసలో నిలబడాలి. ఐ-140 దాఖలైన రోజును ప్రాధాన్య తేదీ అంటారు. ఆ తేదీకి వంతు వచ్చినప్పుడే వీసా దొరుకుతుంది. ఏ తేదీ వరకు వంతు వచ్చిందో తెలుపుతూ 2025 చివరి నెలల్లో వెలువడిన అమెరికా వీసా బులెటిన్లలో ఇండియా ఈబీ-3 తేదీ ఇంకా 2013 దగ్గరే ఉంది. ఈరోజు పిటిషన్ వేయించుకున్న అనంతపురం నర్సు పదేళ్లకు పైగా ఎదురుచూడాల్సి రావచ్చని దీనర్థం. అందుకని అమెరికా ప్రయత్నం మానుకోవాలని మేము చెప్పం. అవకాశం వస్తే వీలైనంత త్వరగా తేదీని సంపాదించుకోవాలి. కానీ అదొక్కటే నమ్ముకుని, ఇక్కడి ఉద్యోగం మానేసి, పెళ్లిని, పిల్లల చదువును ఆ తేదీకి కట్టేసుకోవడం మాత్రం సరికాదు. "ఏడాదిన్నరలో గ్రీన్ కార్డు" అనే మాట ఫిలిప్పీన్స్ నర్సు విషయంలో ఏదో ఒక కాలంలో నిజమై ఉండవచ్చు, ఇండియాలో పుట్టిన నర్సు విషయంలో అది ఈనాడు నిజం కాదు.

మా నాన్న కువైట్‌లో పనిచేసేటప్పుడు నేను అక్కడే పుట్టాను. నాకూ ఇదే వరుసేనా?

కాదు. ఈ విషయం తెలియక అవకాశం వదులుకునేవారు మన ప్రాంతంలోనే ఉంటారు కాబట్టి శ్రద్ధగా చదవండి. అమెరికా కోటా లెక్కలో చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. కడప తల్లిదండ్రులకు కువైట్‌లోనో, సౌదీలోనో, దుబాయ్‌లోనో పుట్టి, భారత పాస్‌పోర్టుతో ఇక్కడ పెరిగిన నర్సును ఆ దేశం కిందే లెక్కిస్తారు. ఆ దేశాలకు పదేళ్ల వరుస లేదు, ఎదురుచూపు ఎంతో తక్కువ. మీరు ఇండియాలో పుట్టినా, మీ భర్త లేదా భార్య అక్కడ పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు వారి జన్మదేశపు కోటాను వాడుకునే వీలుంది. దీనికి ఆధారం జనన ధ్రువపత్రం. అక్కడి ప్రభుత్వం ఇచ్చిన అసలు పత్రం పోయి ఉంటే, అక్కడున్న బంధువుల ద్వారా ఇప్పుడే నకలు తెప్పించుకోవడం మంచిది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరి కాలమ్‌లో పొరపాటున "కడప" అనో "రాయచోటి" అనో రాయించి ఉంటే, పిటిషన్‌కు ముందే సరిదిద్దించుకోవాలి.

హెచ్‌-1బి మీద నర్సులు వెళ్లవచ్చా?

హెచ్‌-1బి అంటే డిగ్రీ అవసరమైన ఉద్యోగాలకు ఇచ్చే తాత్కాలిక అమెరికా వీసా. సాధారణ వార్డు నర్సు ఉద్యోగానికి అది దాదాపుగా కుదరదు. హెచ్‌-1బి ఉద్యోగానికి కనీసం సంబంధిత డిగ్రీ అవసరమని చూపాలి. అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనూ రిజిస్టర్డ్ నర్సు కావచ్చు గనుక ఆ వాదన నిలవదు. నర్స్ ప్రాక్టిషనర్, క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ వంటి పై స్థాయి పోస్టులకు, కొన్ని ప్రత్యేక విభాగాలకు అవకాశం ఉంది. పైగా సంవత్సరానికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 అనే పరిమితి, లాటరీ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటన ద్వారా దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల చెల్లింపును కూడా విధించారు. స్టాఫ్ నర్సు కోసం ఆ సొమ్ము భరించే ఆసుపత్రి ఉంటుందని అనుకోవడం కష్టం.

బ్రిటన్ వీసా ఆగిపోయిందని విన్నాను. నిజమేనా?

ఆగింది కేర్ వర్కర్ల (వృద్ధులకు, రోగులకు రోజువారీ పనుల్లో సాయపడేవారి) నియామకం, నర్సులది కాదు. 2025 జులై 22 నుంచి విదేశాల్లో ఉన్నవారిని కేర్ వర్కర్లుగా కొత్తగా తీసుకోవడం నిలిపివేశారు. అంతకుముందే, 2024 మార్చి 11 నుంచి, కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా చేశారు. రిజిస్టర్డ్ నర్సులకు హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా కొనసాగుతోంది. భర్త లేదా భార్య, పిల్లలు వెంట వెళ్లవచ్చు. వీసాతోపాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి వీరు కట్టనవసరం లేదు. మన ప్రాంతంలో బీఎస్సీ చదివి కూడా కేర్ వర్కర్ వీసా కోసం లక్షలు కట్టిన ఇళ్లు ఉన్నాయి. వాళ్లు నేరుగా నర్సు దారిలో వెళ్లి ఉంటే ఆ ఖర్చులో చిన్న భాగమే అయ్యేది.

నర్సు దారి ఇలా సాగుతుంది. ముందుగా ఇంగ్లీషు పరీక్షలో ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. వైద్య సిబ్బందికి పెట్టే ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష అయితే ఆ మూడింటిలో బి, రాయడంలో సి ప్లస్ చాలు. తర్వాత అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నిర్వహించే కంప్యూటర్ పరీక్షను ఇక్కడే రాయవచ్చు. చివరిదైన ప్రాక్టికల్ పరీక్ష, ఓస్కీ, బ్రిటన్ చేరాక ఉంటుంది. చాలా ఆసుపత్రులు దానికి శిక్షణ ఇస్తాయి. వీసాకు ముందు క్షయ పరీక్ష ధ్రువపత్రం అవసరం. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. 2024 నుంచి బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు విదేశీ నియామకాలను బాగా తగ్గించాయి. పరీక్షలు గట్టెక్కినా నియామక పత్రానికి కొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు.

జర్మనీకి జర్మన్ భాష ఎంతవరకు రావాలి?

యూరప్‌లో భాషా పరిజ్ఞానాన్ని ఏ1 నుంచి సీ2 వరకు స్థాయిలుగా లెక్కిస్తారు. పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. బీ1 లేదా బీ2తో వీసా పొంది, అక్కడ సహాయక నర్సుగా చేరి, మిగిలిన అర్హతను పూర్తిచేసుకునే పద్ధతి ఎక్కువగా అమల్లో ఉంది. మీ చదువును అక్కడి రాష్ట్ర అధికారులు పరిశీలించి, ఏ విషయాల్లో లోటు ఉందో చెబుతూ ఒక ఉత్తర్వు ఇస్తారు. ఆ లోటును ఒక పరీక్ష ద్వారా గానీ, ఆసుపత్రిలోనే సాగే అనుసరణ శిక్షణ ద్వారా గానీ పూరించాలి. యాజమాన్యం స్థానిక విదేశీయుల కార్యాలయం ద్వారా వేగవంతమైన విధానంలో దరఖాస్తు చేస్తే కాలం కలిసివస్తుంది.

భాషను తేలిగ్గా తీసుకోకండి. ఏమీ రాని స్థితి నుంచి బీ2 వరకు రావడానికి రోజంతా చదివినా చాలామందికి ఏడాది పడుతుంది, నైట్ డ్యూటీలు చేస్తూ చదివేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడు నెలల్లో బీ2 ఇప్పిస్తామనే సంస్థల మాట నమ్మవద్దు. సర్టిఫికెట్ ఎలాగో తెచ్చుకున్నా, వార్డులో రోగి తన నొప్పి గురించి చెప్పేది అర్థం కాకపోతే ఆ ఉద్యోగం నిలవదు. జర్మనీలో న్యాయమైన నియామకానికి ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఒకటి ఉంది. ఆ ముద్ర ఉన్న సంస్థలు నియామక ఖర్చును యాజమాన్యమే భరించాలన్న సూత్రానికి కట్టుబడాలి. అందుకే మన వైపు నుంచి మొదట చూడాల్సింది ఆ ముద్రనే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్?

ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్‌కు ఎన్‌క్లెక్స్, తర్వాత ఆ దేశంలోనే ఓస్కీ ఉంటాయి. అమెరికా కోసం రాసిన ఎన్‌క్లెక్స్ ఇక్కడా పనికొస్తుంది కాబట్టి, అమెరికా వరుసలో ఉన్నవారికి ఇది మంచి రెండో దారి. న్యూజిలాండ్ రిజిస్టర్డ్ నర్సులను గ్రీన్ లిస్టులో, అంటే కొరత ఉన్న వృత్తుల జాబితాలో పెట్టింది. ఐర్లాండ్‌లో నర్సులకు కీలక నైపుణ్యాలున్నవారికి ఇచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ దొరుకుతుంది.

నాది ఈసీఎన్‌ఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని) పాస్‌పోర్టు. గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమా?

అవసరమే. పదో తరగతి పాసైనవారికి సాధారణంగా ఈ అనుమతి అక్కర్లేదు గానీ, నర్సుల విషయంలో ప్రభుత్వం 2015లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లే నర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ విధానమైన ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తీసుకోవాలి. నియామకాల్లో మోసాలు బయటపడ్డాక తెచ్చిన రక్షణ ఇది. విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి, అక్కడ ఉద్యోగం వెతుక్కుని వీసా మార్చుకోమని సలహా ఇచ్చేవారు ఈ రక్షణను మీ చేతే తీసివేయిస్తున్నారు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా విదేశీ నియామకాలు చేపడుతుంది. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు దాని ప్రకటనలు చూడటం మంచిది.

కువైట్‌లో 17, 18, 20 అంటారు. నర్సుకు ఏది రావాలి?

ఇవి కువైట్ వీసా రకాల సంఖ్యలు. 17 ప్రభుత్వ ఉద్యోగులది, 18 ప్రైవేటు సంస్థల ఉద్యోగులది, 20 ఇంటిపనివారిది. ఆరోగ్య శాఖలో నేరుగా నియమితులైన నర్సుకు 17, ప్రైవేటు ఆసుపత్రిలో లేదా కాంట్రాక్టు సంస్థలో చేరే నర్సుకు 18 వస్తుంది. నర్సుకు 20 ఇస్తామంటే, అది ఎంత త్వరగా వచ్చినా, "అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు" అని ఎంత నమ్మకంగా చెప్పినా, ఒప్పుకోకండి. ఆకామా (నివాస అనుమతి) ఏ పనికి ఉందో ఆ పనే చేయాలి. 20 మీద ఆసుపత్రిలో పనిచేస్తే చట్టం దృష్టిలో అది నేరమవుతుంది, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) వదిలేస్తే నిలువ నీడ ఉండదు.

డేటాఫ్లో అంటే ఏమిటి? మా నర్సింగ్ హోమ్ అనుభవ పత్రం సరిపోతుందా?

గల్ఫ్ దేశాల లైసెన్సు సంస్థల తరఫున మీ సర్టిఫికెట్లు అసలైనవో కావో నేరుగా జారీచేసినవారినే అడిగి తేల్చే ప్రక్రియ డేటాఫ్లో. విశ్వవిద్యాలయం, నర్సింగ్ కౌన్సిల్, ఆసుపత్రి అన్నిటికీ విడివిడిగా ప్రశ్న వెళ్తుంది. మన వైపు ఇబ్బంది వచ్చేది ఎక్కువగా ఆసుపత్రి దగ్గరే. ఇరవై, ముప్పై పడకల నర్సింగ్ హోముల్లో జీతం చేతికి ఇస్తారు, హాజరు పుస్తకం ఏడాదికోసారి మారుతుంది, ఈమెయిల్ చూసే మనిషి ఉండడు. విచారణ ఈమెయిల్‌కు సమాధానం రాకపోతే మీ నాలుగేళ్ల అనుభవం "ధ్రువీకరించలేకపోయాం" అనే ఒక్క వాక్యంతో పోతుంది.

కాబట్టి ఉద్యోగం వదిలేరోజునే కాదు, చేరినరోజు నుంచే సిద్ధం కావాలి. జీతం బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. అనుభవ పత్రం ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉండాలి. చేరిన తేదీ, వదిలిన తేదీ రోజుతో సహా ఉండాలి. ఏ విభాగంలో పనిచేశారో, ఆసుపత్రికి ఎన్ని పడకలో రాయించుకోవాలి. సంతకం చేసినవారి పేరు, హోదా, సంప్రదించాల్సిన ఈమెయిల్ స్పష్టంగా ఉండాలి. యాజమాన్యానికి ముందే చెప్పి, ఉత్తరం రాగానే జవాబివ్వమని కోరండి. అనుభవం తక్కువైందని నకిలీ పత్రం పెట్టడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఒకసారి ప్రతికూల నివేదిక వస్తే అది మీ పేరుమీద నిలిచిపోయి, తర్వాత చేసే దరఖాస్తులకూ అడ్డుపడుతుంది.

ఇంటిపేరు, విశ్వవిద్యాలయం పేరు తేడాలతో ఇబ్బంది వస్తుందా?

తప్పకుండా వస్తుంది. పదో తరగతి మెమోలో పొట్టి అక్షరంతో ఇంటిపేరు, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉన్న నర్సులు మన దగ్గర ఎందరో ఉన్నారు. విదేశీ బోర్డుకు ఇవి ముగ్గురు వేర్వేరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. పదో తరగతి పేరునే ఆధారంగా పెట్టుకుని పాస్‌పోర్టు తీసుకోవడం, తేడాలున్నచోట నోటరీ అఫిడవిట్ జతచేయడం మేలు. మరో సంగతి, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. మార్కుల జాబితాలో ఒక పేరు, డిగ్రీ పట్టాలో ఇంకో పేరు ఉన్నవారు, రెండూ ఒకే విశ్వవిద్యాలయమని తెలిపే పత్రం అక్కడినుంచే తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. 2014 రాష్ట్ర విభజనకు ముందు నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారు తమ పేరు ప్రస్తుత ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ రికార్డుల్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పరీక్షలు ఎక్కడ రాయాలి?

అనంతపురం వారికి బెంగళూరు, కర్నూలు వారికి హైదరాబాద్ దగ్గర. రెండూ జాతీయ రహదారి 44 మీదే ఉన్నాయి. కడప వారు చెన్నై, బెంగళూరుల్లో ఏది వీలైతే అది ఎంచుకోవచ్చు. ఎన్‌క్లెక్స్ అయిదు గంటల వరకు సాగుతుంది కనుక ముందురోజే చేరుకుని విశ్రాంతి తీసుకోవాలి. నైట్ డ్యూటీ దిగి బస్సెక్కి వెళ్లి రాయాల్సిన పరీక్ష కాదది.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

భారత ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకోవాలి. ఏజెంటు నమోదు సంఖ్యను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడవచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో స్థానం లేదు. బ్రిటన్ నియామక నియమావళి ప్రకారం నర్సు నుంచి నియామక రుసుము తీసుకోరాదు. గల్ఫ్‌కు వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజనను మరవకూడదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది.

ఒప్పందంలో ఏం చూసుకోవాలి?

మూల వేతనం, వారానికి పని గంటలు, ఓవర్‌టైమ్, వసతి, రానుపోను టికెట్, మధ్యలో మానేస్తే చెల్లించాల్సిన సొమ్ము అనేవి చూసుకోవాలి. చివరిదాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. ఆసుపత్రులకు నర్సులను సమకూర్చే అమెరికా స్టాఫింగ్ సంస్థల ఒప్పందాల్లో అది వేల డాలర్లలో ఉండవచ్చు. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ అప్పగించవద్దు. చూపించి వెనక్కి తీసుకోవాలి.

మోసపోతే ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా మీ స్టేషన్ పరిధిలో పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. నమోదు లేని ఏజెంటుగా పనిచేయడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రెండేళ్ల వరకు జైలు పడే నేరం. ఈ-మైగ్రేట్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇప్పటికే విదేశంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయాన్ని, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ను ఆశ్రయించాలి. తెలుగులో మాట్లాడాలనుకునే కుటుంబ సభ్యులకు రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్ సహాయ కేంద్రం ఉంది. ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సంభాషణలు, కరపత్రం ఏదీ చెరిపేయకుండా ఉంచుకుని, వాటి నకళ్లను ఫిర్యాదుకు జతచేయాలి. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఆపినా ఆలస్యం చేయకండి, ఎందుకంటే అదే ఏజెంటు అప్పటికి పక్క వీధిలో ఇంకో నర్సు ఇంటి తలుపు తడుతూ ఉంటాడు.